రెయిల్స్ టు ట్రెయిల్స్ కన్జర్వెన్సీ: ఏళ్ల తరబడి సభ్యత్వం కట్టాక నా అభిప్రాయం

అమెరికాలో వాకింగో సైక్లింగో చేసే మనవాళ్లలో చాలామందికి నడక, సైకిల్ దారుల మ్యాపులు చూపించే ట్రెయిల్‌లింక్ యాప్ తెలుసు కానీ, దాన్ని నడిపే సంస్థ గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఆ సంస్థే రెయిల్స్ టు ట్రెయిల్స్ కన్జర్వెన్సీ. 1986లో మొదలైంది, ఆఫీసు వాషింగ్టన్ డీసీలో, లాభాపేక్ష లేని సంస్థ. రైళ్లు ఆగిపోయిన పాత లైన్లను నడకకీ సైకిళ్లకీ పనికొచ్చే దారులుగా మార్చాలని పోరాడటం వీళ్ల పని. నేను చేరింది మ్యాపుల కోసం, ఇప్పటికీ సభ్యత్వం కడుతున్నది మాత్రం వేరే కారణానికి.

ముందు మ్యాపుల సంగతి. 40,000 మైళ్లకు పైగా ట్రెయిళ్ల వివరాలు ట్రెయిల్‌లింక్‌లో ఉన్నాయి. ఊరి పేరు కొడితే చుట్టుపక్కల ఉన్నవన్నీ వస్తాయి: పొడవెంత, తారు రోడ్డా కంకరా, వీల్‌చైర్ వెళ్తుందా, కారు ఎక్కడ పెట్టుకోవాలి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మనకి కావలసినవి సరిగ్గా ఇవే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని కొండ ఎక్కించి సగం దారిలో బండ మీద కూర్చోబెట్టే బదులు పాత రైలు దారి మీదికి తీసుకెళ్లండి. రైలింజను నిటారుగా ఎక్కలేదు కదా, అందుకే ఆ దారుల్లో వాలు మామూలుగా వంద అడుగులకి రెండు మూడు అడుగులకి మించదు. మాకు దగ్గర్లో ఉన్నది ఉత్తర వర్జీనియాలోని డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్, షిర్లింగ్‌టన్ నుంచి పర్సెల్‌విల్ దాకా 45 మైళ్ల తారు దారి, 1968లో రైళ్లు ఆగిపోయిన లైను మీద వేసింది. నాన్నగారు మైలు గుర్తులు చూసుకుంటూ ఒక్కరే వెళ్లి వచ్చేసేవారు. కారు నడపని పెద్దాయన ఎవర్నీ అడక్కుండా సొంతంగా వెళ్లి రాగలిగిన చోటు ఈ దేశంలో అదొక్కటే అనిపించింది నాకు.

ఉచితంగా ఖాతా తెరిచి మామూలుగా వెతుక్కోవచ్చు, మ్యాపులు ఫోన్‌లోకి దించుకోవాలంటే డబ్బు కట్టాలి. సిగ్నల్ లేని చోట్లకి వెళ్లేవాళ్లకి తప్ప అది తప్పనిసరేం కాదు. అక్కడ అభిప్రాయాలు రాసేది మనలాంటివాళ్లే కాబట్టి తేదీ చూసుకుని చదవండి.

ఒక విషయం ముందే తెలిస్తే చాలా చిరాకు తప్పుతుంది. ఈ ట్రెయిళ్లు ఈ సంస్థవి కావు. దారి ఎవరిదంటే కౌంటీదో, పార్కుల అథారిటీదో, రాష్ట్రానిదో అవుతుంది. మా వైపు ఒక చోట ట్రెయిల్ పెద్ద రోడ్డుని దాటుతుంది, సిగ్నల్ లేదు, పిల్లలతో దాటాలంటే టెన్షన్. సంబంధించిన ఆఫీసుకి రాస్తే పరిశీలిస్తున్నాం అన్నారు, ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు. దానికి ఈ సంస్థని తిట్టుకుని లాభం లేదు, వంతెన కొట్టుకుపోయినా చెట్టు పడినా ఫోన్ చేయాల్సింది స్థానిక ఆఫీసుకే.

మరి సభ్యత్వం డబ్బు ఎందుకు కడుతున్నట్టు? చట్టాల పని కోసం. అది బయటికి కనిపించదు, యాప్‌లో అసలే కనిపించదు. పాత రైలు కంపెనీలకి చాలా చోట్ల ఆ భూమి మీద సొంత హక్కు లేదు, రైలు నడుపుకునే హక్కు మాత్రమే ఉండేది. కంపెనీ లైను పూర్తిగా వదిలేస్తే ఆ హక్కు పోయి, భూమి పక్కనున్న యజమానుల చేతికి వెళ్తుంది. అప్పుడు వంద మైళ్ల దారి వంద ముక్కలైపోతుంది, దాన్ని మళ్లీ కలపడం ఎవరి తరమూ కాదు. దీనికి విరుగుడుగా 1983లో రెయిల్ బ్యాంకింగ్ చట్టం వచ్చింది: లైను రద్దయినట్టు కాదు, ఎప్పుడైనా రైలు కావాలంటే మళ్లీ వేసుకునేలా దాచి ఉంచినట్టు, ఈలోపు జనం నడుచుకోవచ్చు. అయితే ఆ దారి బాధ్యత, పన్నులతో సహా, ఒక ఊరో రాష్ట్రమో సంస్థో తలకెత్తుకోవాలి, అదీ రైల్వేల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు పెట్టిన గడువులోపు. చిన్న ఊళ్లలో, కంపెనీ లైను వదిలేస్తోందనే నోటీసులు వచ్చిన సంగతి కూడా ఎవరికీ తెలియదు. వాటిని కనిపెట్టి, మీ ఊరి లైను పోతోంది చూసుకోండి అని చెప్పేవాళ్లలో వీళ్లు ముందుంటారు. నా డబ్బు వెళ్లాల్సింది దీనికే అని నా ఉద్దేశం.

కోర్టుల్లో కథ మాత్రం ఒకవైపే నడవలేదు. 1990లో వెర్మాంట్‌కి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందంది, కానీ భూమి యజమానులు పరిహారం అడగొచ్చని కూడా చెప్పింది. 2014లో వ్యోమింగ్ కేసులో, వదిలేసిన లైను భూమి ఎవరికి చెందుతుందన్న విషయంలో ఎనిమిది మంది జడ్జిలు యజమాని వైపు, ఒక్కరు మాత్రమే ప్రభుత్వం వైపు నిలిచారు. సభ్యుణ్ణే అయినా ఆ యజమానుల వాదన నాకు అన్యాయంగా అనిపించదు. రోడ్డు కోసం పొలం పోగొట్టుకున్న కుటుంబాలని చూసినవాళ్లం, మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. దారి రావాలి, రైతుకి డబ్బూ రావాలి.

వీళ్ల పెద్ద కల గ్రేట్ అమెరికన్ రెయిల్ ట్రెయిల్. 2019లో ప్రకటించారు. డీసీ నుంచి వాషింగ్టన్ రాష్ట్రం దాకా 12 రాష్ట్రాల మీదుగా 3,700 మైళ్ల పైచిలుకు దారి. సగానికి పైగా ఇప్పటికే ఉంది, కాకపోతే తూర్పున ఉన్నంత వరసగా పడమట లేదు, వ్యోమింగ్, మోంటానా వైపు పెద్ద పెద్ద ఖాళీలున్నాయి. అంతా పూర్తయ్యేలోపు నా మోకాళ్లు కూడా నాన్నగారి మోకాళ్ల దారి పడతాయేమో తెలియదు. తూర్పు ముక్క మాత్రం ఇప్పుడే వెళ్లొచ్చు: డీసీ నుంచి కంబర్లాండ్ దాకా సీ అండ్ ఓ కాలువ గట్టు 184.5 మైళ్లు, అక్కడి నుంచి పిట్స్‌బర్గ్ దాకా గ్రేట్ అలెగెనీ పాసేజ్ ఇంకో 150. కాలువ గట్టు వాన పడితే బురదే బురద, రెండోది నలిగిన సున్నపురాయి పరిచిన దారి, సైకిల్ హాయిగా సాగుతుంది.

ఐదుకి నాలుగు ఇస్తాను. వీకెండ్‌కి ఎక్కడికి వెళ్దాం అని వెతుక్కునేవాళ్లకి ఉచిత ఖాతా చాలు, ఇంకేమీ కట్టకండి. మీ ఇంటి దగ్గర వాడకంలో లేని లైను ఉందంటే మాత్రం సభ్యత్వం తీసుకోండి, ఆఫీసులో డొనేషన్ మ్యాచింగ్ (మీరిచ్చిన విరాళానికి కంపెనీ కూడా కొంత కలపడం) ఉంటే అది కూడా వాడేయండి. ఇక అలెగెనీ పాసేజ్‌కి వెళ్లేవాళ్లకి రెండు మాటలు: కంబర్లాండ్ నుంచి బయల్దేరితే మొదటి 24 మైళ్లు ఎక్కుడే, తర్వాత పిట్స్‌బర్గ్ దాకా దాదాపు దిగుడే. మధ్యలో బిగ్ సావేజ్ సొరంగాన్ని చలికాలమంతా మూసేస్తారు, టికెట్లు బుక్ చేసుకునే ముందే అది తెరిచారో లేదో చూసుకోండి.