గ్రహాంతరవాసిని ఎవరు బాగా గీశారు: పాల్, బెర్గీ, ఫ్రీస్?

పాత అమెరికన్ సైన్స్ ఫిక్షన్ పత్రికల అట్టల మీద గ్రహాంతరవాసులకు కొదవ లేదు. వాళ్లను గీసిన చిత్రకారులు పాల్, బెర్గీ, ఫ్రీస్‌లలో ఎవరి బొమ్మ మేలని అడిగితే నేను ఫ్రాంక్ ఆర్. పాల్ పక్షం.

1939 మేలో వచ్చిన ‘ఫెంటాస్టిక్ అడ్వెంచర్స్’ తొలి సంచిక వెనుక అట్ట మీద ఆయన అంగారక గ్రహవాసిని గీశారు. చేటలంత చెవులు, ముందుకు పొడుచుకొచ్చిన ఛాతీ. ఏదీ ఊరికే పెట్టలేదు. అక్కడ గాలి పలుచన, శబ్దం సరిగా అందదు కనుక పెద్ద చెవులు. ఉన్న కాస్త గాలినీ నిండుగా పీల్చుకోవాలి కనుక అంత ఛాతీ. అంగారకుడి గురించి అప్పటికి తెలిసింది తక్కువే, అయినా ఆ ఒళ్లు చూస్తే అతని ఊరి వాతావరణం చెప్పేయవచ్చు. పాల్ భవన నిర్మాణ కళ చదువుకున్నవారు; ఇల్లు కట్టేముందు నేలను చూసినట్టు, ప్రాణిని గీసేముందు గ్రహాన్ని చూశారనిపిస్తుంది. ఆయన గీసిన మనుషులు మాత్రం కొయ్యబొమ్మల్లా ఉంటారు, అది ఒప్పుకోవాలి.

1940లలో ‘త్రిల్లింగ్ వండర్ స్టోరీస్’, ‘స్టార్ట్‌లింగ్ స్టోరీస్’ అట్టలు గీసిన ఎర్ల్ బెర్గీ రంగులు కళ్లు చెదిరేలా ఉంటాయి. కానీ గుడ్లు మిటకరించే వికృతాకారం, దాని బారిన పడిన అందగత్తె, తుపాకీ పట్టిన వీరుడు: ఈ వరసలో ఆ ఆకారాన్ని తీసేసి పులిని పెట్టినా బొమ్మకు లోటు రాదు.

అసలు పోటీ కెల్లీ ఫ్రీస్‌తోనే. 1954 సెప్టెంబరు ‘అస్టౌండింగ్’ అట్ట మీద తాళం కన్నంలోంచి తొంగిచూసే ఆకుపచ్చ అంగారక గ్రహవాసిని ఒకసారి చూస్తే మరిచిపోలేం. అంతకు ముందు ఏడాది అక్టోబరు సంచికకు, చనిపోయిన మనిషిని అరచేతిలో పట్టుకుని దిక్కుతోచక చూసే మహా రోబోను గీసిందీ ఆయనే. ముఖంలో భావం పలికించడంలో పాల్ ఆయన దరిదాపులకు కూడా రారు. అయితే ఆ ఆకుపచ్చ ముఖంలో నాకు కనిపించేది మన వీధిలోని కొంటె మనిషే. ఆ అల్లరి నాకు ముందే తెలుసు.

పాల్ బొమ్మ ముందు కూర్చుంటే మాత్రం కొత్త సందేహాలు పుడతాయి. అంత చెవులకు చలి వేయదా? ఆ ఛాతీతో ఎటు తిరిగి పడుకుంటాడు?