ఫారెక్స్ కార్డు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

విదేశీ ప్రయాణాలకు కొన్నేళ్లుగా మల్టీ కరెన్సీ ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డే, అంటే ముందుగానే రకరకాల విదేశీ కరెన్సీలు నింపుకుని వాడే కార్డే, వాడుతున్నాను. భోజనం, రైలు టికెట్లు, మ్యూజియాలు... ఇలాంటి రోజువారీ ఖర్చులకు ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు. అలాగని ఇదొక్కటే జేబులో వేసుకుని విమానం ఎక్కమని మాత్రం ఎవరికీ చెప్పను.

నాకు బాగా నచ్చింది రేటు విషయం. డబ్బు లోడ్ చేసిన రోజే మారకం రేటు ఖాయమైపోతుంది. తర్వాత యూరో ఎంత పెరిగినా మన బడ్జెట్‌కు ఢోకా లేదు. తగ్గితే ఆ లాభం మనకు రాదు, నిజమే. అందుకే ఒక్కసారే మొత్తం వేయకుండా విడతలుగా వేస్తాను. ఏ దేశానికి ఏ కరెన్సీయో ముందే చూసుకోవాలి. క్రొయేషియాలో 2023 నుంచి యూరోనే నడుస్తోంది, యూరో దేశాల పక్కనే ఉన్న స్విట్జర్లాండ్‌లో మాత్రం ఫ్రాంకు. కార్డులో ఫ్రాంకులు లేకపోతే యూరోల నుంచి మార్చుకుంటుంది, చాలా కార్డులు దానికి విడిగా ఛార్జీ వేస్తాయి.

ఇక అసలు డబ్బు పోయేది కార్డు మెషిన్ దగ్గర. కార్డు పెట్టగానే చాలాచోట్ల స్క్రీన్ మీద రెండు మొత్తాలు కనిపిస్తాయి. ఒకటి ఆ దేశపు కరెన్సీలో, ఇంకొకటి మన కరెన్సీలో. తెలిసిన లెక్క కదా అని వేలు మన కరెన్సీ వైపే పోతుంది. కానీ ఆ రేటు మన కార్డు ఇచ్చినవాళ్లది కాదు. దుకాణానికి మెషిన్ ఇచ్చినవాళ్లు తమ కమిషన్ కలుపుకుని వేసేది. పైగా కార్డులో ఉన్నవి యూరోలే అయితే, యూరో బిల్లు మన కరెన్సీలోకి మారి, అక్కడి నుంచి మళ్లీ యూరోల్లోకి మారుతుంది. రెండుసార్లు నష్టం! కొన్ని కౌంటర్లలో అడగకుండానే వాళ్లే నొక్కేస్తారు. రసీదులో అలా కనిపిస్తే అక్కడికక్కడే రద్దు చేయించి, స్థానిక కరెన్సీలో మళ్లీ చేయమంటాను. ఏటీఎంలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. కన్వర్షన్ వద్దని నొక్కితే డబ్బు రాదేమోనని టెన్షన్ పడక్కర్లేదు, మామూలుగానే వస్తుంది.

ఈ కార్డు బలహీనత డిపాజిట్ల దగ్గర, అంటే హోటళ్లు, కారు అద్దె సంస్థలు హామీగా మన డబ్బు ఆపి ఉంచే చోట, బయటపడుతుంది. ఒక హోటల్ చెక్ ఇన్‌లో బ్లాక్ చేసిన సొమ్ము, గది ఖాళీ చేసిన చాలా రోజులకు గానీ కార్డులోకి తిరిగి రాలేదు. క్రెడిట్ కార్డు అయితే లిమిట్ తగ్గుతుంది, అంతే. ప్రీపెయిడ్‌లో ఇరుక్కునేది రేపటి ఖర్చుకు పెట్టుకున్న మన సొంత డబ్బు. కారు అద్దెకిచ్చే సంస్థలు చాలావరకు ప్రీపెయిడ్ తీసుకోనే తీసుకోవు. అందుకని ఈ రెండింటికీ క్రెడిట్ కార్డు తప్పనిసరి, అదీ వేరే బ్యాగులో.

బయల్దేరే ముందు నేను తప్పకుండా చూసేది ఓటీపీ. అది మన సిమ్‌కే వస్తుంది కాబట్టి రోమింగ్‌లో మెసేజ్‌లు అందేలా చేసుకోవాలి, లేదా యాప్‌లోనే అనుమతి ఇచ్చే పద్ధతి పెట్టుకోవాలి. నగదు కొంచెం చాలు. స్వీడన్‌లో నోట్లు తీసుకోని దుకాణాలు చాలానే ఎదురవుతాయి, జర్మనీలో చిన్న హోటళ్లు నగదే అడగవచ్చు. ఎవరైనా పాత బ్రిటిష్ పౌండ్లు ఇస్తే చూసి తీసుకోండి. కాగితపు 20, 50 పౌండ్ల నోట్లు 2022 సెప్టెంబర్ 30తో చెలామణీ నుంచి పోయాయి.

తిరిగొచ్చాక మిగిలిన బ్యాలెన్స్‌ను అలా వదిలేయకండి. కొన్ని కార్డులు వాడకం లేకపోతే నెలనెలా ఛార్జీ కోస్తాయి. హోటల్ డిపాజిట్ వెనక్కి వచ్చిందని చూసుకున్నాకే కార్డు ఖాళీ చేయండి.