మూడేళ్ల ఈ-రీడర్: అంతా బాగానే ఉంది, వత్తులే ఏడిపించాయి

ఈ-పుస్తకాలు చదువుకునే ఈ మెషిన్ కొన్న ఏడాదికి నేనే పదిమందికి చెప్పి ముగ్గురి చేత కొనిపించాను. ఇప్పుడు ఎవరైనా "కొనమంటావా?" అని అడిగితే, "చదివేది ఇంగ్లీషా, తెలుగా?" అని ఎదురు ప్రశ్న వేస్తున్నాను.

కళ్లకు హాయి, చార్జింగ్ వారాల తరబడి ఉండటం, ఎండలోనూ కనపడటం... ఇవన్నీ అందరికీ తెలిసినవే. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ రైల్లో వెళ్లొచ్చేదాన్ని కాబట్టి, ఒంటిచేత్తో పట్టుకోవచ్చని ఆరంగుళాలది తీసుకున్నాను. కంపెనీ పేరు మాత్రం అడక్కండి, చెప్పబోయేది వాళ్లకు రుచించదు.

నా గోడల్లా వత్తుల గురించే.

మొదటి ఏడాదిన్నర ఏ ఇబ్బందీ లేదు. పాత పుస్తకాలు ఉచితంగా దొరికే తెలుగు వికీసోర్స్ సైటులోంచి ఈపబ్ (ఈ-పుస్తకం) ఫైలు దింపుకోవడం, కేబుల్ తగిలించి ఎక్కించుకోవడం, రైలెక్కగానే తెరవడం. పైసా ఖర్చు లేదు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లు దాటితే కాపీరైట్ ఉండదు కాబట్టి, 1946లో పోయిన చిలకమర్తి వంటివారి రాతలు ఎవరైనా దర్జాగా పెట్టుకోవచ్చు. అక్కడ ఓపికున్నవాళ్లు స్కాన్ చూస్తూ టైపు చేస్తారు, ఇంకొకరు దిద్దుతారు. డబ్బుపెట్టి కొన్న కొన్ని పుస్తకాలకన్నా వాటిలోనే తప్పులు తక్కువ కనిపించాయి.

ఓ రాత్రి వైఫై ఆపకుండా చార్జింగ్‌కి పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి తనంతట తనే అప్‌డేట్ అయి కూచుంది. రైల్లో తెరిస్తే "అమ్మమ్మ" ఉండాల్సిన చోట "అమ్ మమ్ మ" అని ఉంది. "స్త్రీ" మూడు ముక్కలైంది: స్, త్, రీ. ఆ పుస్తకమే పాడైందనుకుని ఇంకోటి తెరిచాను. అదీ అంతే. తెలుగులో వత్తు లేని వాక్యం ఎక్కడ దొరుకుతుంది? మంగళగిరి వచ్చేలోపు తలనొప్పి పట్టుకుంది. సాయంత్రం అత్తయ్యకు చూపించాను. ఆవిడ రిటైరైన తెలుగు టీచరు. కళ్లజోడు సర్దుకుని, "ఇదేంటమ్మాయ్, రెండో తరగతి పిల్లాడికి డిక్టేషన్ చెప్తే ఇంతకన్నా బాగా రాస్తాడు" అన్నారు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే పుస్తకం తీసేసి మళ్లీ ఎక్కించమన్నారు. ఎక్కించాను. రీసెట్ చేయమన్నారు. చేశాను, అండర్‌లైన్ చేసుకున్నవన్నీ పోయాయి. ఫొటోలు పంపమంటే పేజీలకు పేజీలు తీసి పంపాను. మూడు వారాల తర్వాత జవాబొచ్చింది: మీరు చెప్పే భాష మా జాబితాలో లేదు, కాబట్టి దీన్ని లోపంగా నమోదు చేయలేం. అంటే ఏడాదిన్నర పాటు వత్తులు సరిగ్గా కనపడటమే పొరపాటన్నమాట!

తర్వాత అర్థమైంది. ఫైల్లో "మ్మ" అనే అక్షరం విడిగా ఉండదట. మ, పొల్లు, మళ్లీ మ అని మూడు కోడ్‌లుంటాయి. ఆ మూడింటినీ కలిపి రెండో "మ"ను కిందికి దించి వత్తుగా మార్చే పని లోపలి ప్రోగ్రాం చేయాలి. మంచి ఫాంటు వేసుకున్నా ఈ లెక్క తెలియని ప్రోగ్రాం ఉంటే ముక్కలే మిగులుతాయి.

దీనికి మందు మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడి దగ్గర దొరికింది. ఈ-రీడర్లలో పుస్తకాలు తెరవడానికి కోరీడర్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. అది ఎక్కించి, ఫాంట్ల ఫోల్డర్లో మండలి అనే తెలుగు ఫాంటు వేసి, సెట్టింగుల్లో కెర్నింగ్ (అక్షరాల్ని పేర్చే పద్ధతి) అన్నచోట "బెస్ట్" అని ఉందో లేదో చూశాడు. టీ చల్లారేలోపు అమ్మమ్మ మళ్లీ అమ్మమ్మ అయింది. అయితే అన్ని మెషిన్లలోనూ ఇది ఇంత సులువుగా ఎక్కదు. కొన్నింటికి ముందు బయటి ప్రోగ్రాములు ఎక్కకుండా కంపెనీ వేసిన తాళం పగలగొట్టాలి. ఆ ధైర్యం నాకైతే లేదు.

అలాగని అన్ని పుస్తకాలకూ దారి దొరికిందనుకోకండి. పాత పుస్తకాలు ఎక్కువగా ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగానే ఉన్నాయి. ఆరంగుళాల తెరమీద ఆ పేజీ మొత్తం పెడితే చీమల బారే. కోరీడర్‌లో రీఫ్లో అని ఒక సదుపాయం ఉంది. అది మాటల బొమ్మల్ని కత్తిరించి, పెద్దవి చేసి, కొత్త లైన్లుగా పేరుస్తుంది. వచనానికి చాలావరకు పనికొస్తుంది, కాకపోతే పేజీ తిప్పాక కాసేపు ఆగాలి. అచ్చు ఇరుగ్గా ఉంటే అక్కడా వత్తులదే పేచీ: పైఅక్షరాన్ని వదిలేసి కింది లైన్లోకి జారిపోతాయి. పద్యమైతే ఆశ వదులుకోవాల్సిందే. పాదాలన్నీ కలగలిసిపోయి యతి ఎక్కడో, ప్రాస ఎక్కడో తెలియదు.

తెలిసిన పబ్లిషర్ ఒకాయన అభిమానంతో కొత్త కథల పీడీఎఫ్ పంపారు. ఫైళ్లు మార్చిపెట్టే కాలిబర్ ప్రోగ్రాంలో పెట్టి ఈపబ్‌గా మారుద్దామనుకున్నాను. అది "అను" అనే పాత రకం ఫాంట్లలో చేసిన పుస్తకం. వాటిలో కనపడేది తెలుగే అయినా వెనక ఉండేవి ఇంగ్లీషు కోడ్‌లే. మార్చాక వచ్చింది ఇంగ్లీషు అక్షరాలూ, డాలర్ గుర్తులూ. చివరికి ఆ పుస్తకం అచ్చులోనే కొన్నాను.

కొత్త తెలుగు పుస్తకాల సంగతి సరేసరి. పేరున్న ఒక ఆన్‌లైన్ దుకాణం 2016 చివర్లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఈ-పుస్తకాలు ఒకేసారి మొదలుపెట్టింది. ఆ జాబితాలో మనం లేము. ఈ-పుస్తకాలు చవక అంటారు, ఆ మాట తర్వాత, ముందు సరుకుండాలిగా.

మరి కొనొచ్చా? నాలా ఇంగ్లీషు నవలలు సగం, వికీసోర్స్ సగం చదివేవాళ్లకు, ఇలాంటివి సరిచేసిపెట్టే కుర్రాడు ఆఫీసులో ఉంటే, ఆరంగుళాలది ఫర్వాలేదు. స్కాన్ పుస్తకాలే ఎక్కువ చదివేవాళ్లు పదంగుళాలదైనా చూసుకోవాలి. అది నా బడ్జెట్‌కి అందలేదు, చేత్తో పట్టుకుని నిలబడి ప్రయాణం చేయడమూ కష్టం. పద్యాలు చదివేవాళ్లకు నేను ఏమీ చెప్పలేను.

వైఫై మాత్రం ఆ రోజు నుంచి ఆపే ఉంచాను. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక మెషిన్ అత్తయ్య చేతిలోనే ఉంటోంది. చార్జింగ్‌కి పెట్టేముందు రోజూ ఒకసారి కేకేస్తారు: "అమ్మాయ్, ఆ వైఫై కట్టేసే ఉందా?"