పెద్ద కంపెనీలో ఇంటర్న్‌షిప్: పని సంస్కృతిపై ఒక విద్యార్థి సమీక్ష

ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో వేసవి ఇంటర్న్‌గా పనిచేసిన అనుభవంతో, అక్కడి పని వాతావరణం విద్యార్థికి ఎంతవరకు మేలు చేస్తుందో చెప్పడానికి ఈ సమీక్ష రాస్తున్నాను. ఇలాంటి కంపెనీల గురించి వినిపించే మాటల్లో ఎక్కువ భాగం భవనాలు, సౌకర్యాలు, స్టైపెండ్, ఆ పేరు రెజ్యూమెలో ఉంటే కలిగే లాభం చుట్టూనే తిరుగుతుంది. నా దృష్టిలో వాటన్నిటికన్నా ముందు చూడవలసినది మరొకటి ఉంది: విద్యార్థికి పని నేర్పడానికి మెంటర్ వెచ్చించే సమయాన్ని కంపెనీ పనిగా లెక్కిస్తుందా, లేక ఆ మెంటర్ మంచితనానికి వదిలేస్తుందా? నేను అక్కడ చూసిన మంచిచెడులు దాదాపు అన్నీ ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగాయి.

చేరిన తొలి రోజులు నిరాశ కలిగించాయి. ల్యాప్‌టాప్ వేళకు చేతికొచ్చింది, సమాచార భద్రతపైనా వేధింపుల నివారణపైనా తప్పనిసరి శిక్షణ పద్ధతిగా సాగింది; కానీ నేను పనిచేయవలసిన కోడ్ రిపాజిటరీని (బృందం కోడ్ అంతా భద్రపరిచే చోటును) తెరవడానికి కావలసిన అనుమతులు మాత్రం ఒకరి తర్వాత ఒకరి ఆమోదం కోసం ఆగిపోయాయి. ప్రతి ఉద్యోగికీ తన పనికి అవసరమైనంత మేరకే అనుమతులు ఉండాలన్న నియమం వినియోగదారుల సమాచారం ఉన్న చోట ఉండి తీరాలి, దానిపై నాకు ఫిర్యాదు లేదు. అయితే ఇంటర్న్ ఏ తేదీన ఏ బృందంలో చేరబోతున్నారో ముందే తెలిసినప్పుడు, ఆ అభ్యర్థనలను కూడా ముందే పంపి ఉంచవచ్చు. కొద్ది వారాల్లో ముగిసిపోయే ఇంటర్న్‌షిప్‌లో అలా జారిపోయే సమయం చిన్నది కాదు.

ఆ ఖాళీ వృథా కాకుండా చూసింది మా మెంటరే. మేము చేయబోయే సాఫ్ట్‌వేర్ సేవకు సంబంధించిన డిజైన్ పత్రాలను ఇచ్చి, చదువుతున్నప్పుడు కలిగే సందేహాలను పక్కనే వ్యాఖ్యలుగా రాయమన్నారు. కొత్తవారి కోసం రాసిన సెటప్ సూచనల్లో ఏ మెట్టు ఇప్పుడు పనిచేయడం లేదో గుర్తించి సరిచేసే బాధ్యతను కూడా నాకే అప్పగించారు. అలవాటుపడిన కంటికి ఆ లోపాలు కనపడవని, వాటిని పట్టుకోగలిగే అవకాశం కొత్తగా వచ్చినవారికే ఉంటుందని ఆమె చెప్పిన కారణం నాకు చాలా నచ్చింది. కంపెనీలో నేను చేసిన మొదటి మార్పు ఆ పత్రంలోనే జరిగింది. నా తర్వాత చేరేవారికి అది తప్పకుండా అక్కరకొస్తుంది.

ఆమె అంత సమయం ఇవ్వగలగడానికి కారణం కేవలం ఆమె ఓపిక కాదన్న సంగతి స్ప్రింట్ (కొద్ది వారాల పని విడత) ప్రణాళిక సమావేశంలో కూర్చున్నప్పుడు తెలిసింది. ఎవరు ఎంత పని తీసుకోవాలో నిర్ణయించేటప్పుడు మా మేనేజర్ ఆమె వంతులో కొంత భాగాన్ని ‘మెంటరింగ్’ అని రాసి, ఆ మేరకు మిగతా పనిని తగ్గించారు. దానివల్ల నేను సందేహంతో వెళ్లినప్పుడు ఆమె పని చెడగొడుతున్నానన్న బెరుకు నాకు లేకపోయింది, గడువు ముంచుకొస్తోందన్న ఒత్తిడి ఆమెకూ లేకపోయింది. అదే కంపెనీలో మరో బృందంలో చేరిన నా తోటి ఇంటర్న్ పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ మెంటర్ గారు తన పూర్తి పనిభారాన్ని మోస్తూనే అదనంగా నేర్పవలసి రావడంతో, ఆయన ఎంత సహృదయులైనా సమాధానాలు సాయంత్రానికో మర్నాటికో వచ్చేవి, కొన్నిసార్లు అసలు వచ్చేవి కావు. ఆయనను నిందించడానికి నాకు మనసు రాదు. ఒకే కంపెనీ, ఒకే విలువల పత్రం, ఒకే స్వాగత సభ ఉండి కూడా, పని లెక్కలో ఒక్క వరుస చేర్చడం, చేర్చకపోవడం వల్ల ఇద్దరు విద్యార్థుల చదువు ఇంతగా మారిపోయింది.

ఒకరు రాసిన కోడ్‌ను చేర్చుకునేముందు తోటి ఇంజనీర్లు చదివి వ్యాఖ్యలు రాసే కోడ్ సమీక్ష దగ్గర నేను నేర్చుకున్నంతగా ఏ తరగతి గదిలోనూ నేర్చుకోలేదు. గూగుల్ అందరికీ అందుబాటులో ఉంచిన ఇంజనీరింగ్ మార్గదర్శకాల్లో, సమీక్ష కోరినవారికి ఎంత ఆలస్యమైనా ఒక పనిదినంలోపు స్పందించాలని ఉంది; మా బృందం కూడా అదే నియమాన్ని పెట్టుకుని, ఇంటర్న్ పంపిన మార్పులకు సైతం తు.చ. తప్పకుండా పాటించింది. ఒక ఉదాహరణ చెబుతాను. వేరే సేవను పిలిచినప్పుడు అది విఫలమైతే కాసేపాగి మళ్లీ ప్రయత్నించే చిన్న భాగాన్ని నేను రాశాను, పరీక్షలన్నీ నెగ్గాయి. దానిపై ఒక సీనియర్ ఇంజనీర్ రాసిన వ్యాఖ్య ఇది: “అవతలి సర్వర్ భారం ఎక్కువై విఫలమైందనుకోండి. అప్పుడు దీన్ని వాడేవాళ్లంతా ఒకే విరామం తర్వాత ఒకేసారి మళ్లీ అడిగితే ఏమవుతుందంటారు?” విరామాన్ని ప్రతిసారీ రెట్టింపు చేయాలని, దానికి కొంత యాదృచ్ఛికతను కలిపి పిలుపులన్నీ ఒకే క్షణంలో పడకుండా చూడాలని ఆయన ఒక్క వాక్యంలో ఆదేశించి ఉండవచ్చు, పని కూడా అప్పుడే తెమిలిపోయేది. అలా చేయకుండా ప్రశ్న అడిగి వదిలిపెట్టడం వల్ల, కోలుకుంటున్న సర్వర్‌ను పదేపదే వచ్చే పిలుపులే మళ్లీ ఎలా కూలదోస్తాయో నేను కాగితం మీద గీసుకుని అర్థం చేసుకున్నాను. వేరియబుల్ పేర్లవంటి చిన్న సూచనలకు ‘నిట్’ (అంత ముఖ్యం కాని చిన్న విషయం) అని ముందే గుర్తు పెట్టేవారు కాబట్టి, ఏది తప్పనిసరో ఏది అభిరుచో వేరుగా తెలిసేది.

ఈ పద్ధతికి పాత చరిత్రే ఉంది. ఐబీఎంలో పనిచేసిన మైఖేల్ ఫేగన్ 1976లో కోడ్ తనిఖీ విధానాన్ని ప్రచురించినప్పుడే, తనిఖీలో తేలిన లోపాల లెక్కను ప్రోగ్రామర్ పనితీరును అంచనా వేయడానికి వాడుకోవద్దని మేనేజర్లను హెచ్చరించారు. మా మేనేజర్ కూడా తొలి సమావేశంలోనే సమీక్షలో వచ్చిన వ్యాఖ్యల సంఖ్యకూ నా మూల్యాంకనానికీ సంబంధం లేదని స్పష్టంగా చెప్పారు. ఆ మాట తర్వాతే నేను సగం సగం ఉన్న ఆలోచనలను కూడా ధైర్యంగా బయటపెట్టగలిగాను.

ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే రోజువారీ స్టాండప్ సమావేశం పదిహేను నిమిషాలకు మించేది కాదు, దాని గురించి ఎక్కువ చెప్పవలసిందేమీ లేదు. చెప్పుకోవలసింది ఒక సంఘటన గురించి. ఒక సాయంత్రం ఒక సీనియర్ ఇంజనీర్ కాన్ఫిగరేషన్‌లో (సేవ ఎలా నడవాలో చెప్పే అమరికల్లో) చేసిన మార్పు వల్ల మా సేవ కొంతసేపు ఆగిపోయింది. మర్నాడు ఆ అంతరాయంపై జరిగిన సమీక్షకు నన్నూ రమ్మన్నారు. తయారుచేసిన పత్రంలో ఏ నిమిషంలో ఏం జరిగిందో వరుసగా ఉంది గాని, మార్పు చేసినవారి పేరు ఎక్కడా లేదు. చర్చంతా ఒకే మార్పు అన్ని సర్వర్లకూ ఒక్కసారిగా ఎలా చేరగలిగిందన్న దానిపైనే సాగింది. ఇకమీదట ముందు కొద్ది సర్వర్లలో పరీక్షించి, ఆపైన విడతలవారీగా పంపాలన్న నిర్ణయంతో ముగిసింది. మార్పు చేసిన వ్యక్తే అందరికన్నా వివరంగా మాట్లాడారు, మేనేజర్ మాత్రం అందరూ చెప్పడం ముగించాకే నోరు విప్పారు.

హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి బృందాల మీద చేసిన తొలి పరిశోధనలో, మంచి సంబంధాలున్న బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు తేలింది. అక్కడివారు ఎక్కువ పొరపాట్లు చేయడం కాక, దాచకుండా చెప్పగలగడమే అందుకు కారణమని ఆమె భావించారు. ఆ తర్వాత ఒక తయారీ సంస్థలోని 51 బృందాలపై 1999లో ప్రచురించిన అధ్యయనంలో, భయం లేకుండా మాట్లాడగలిగిన చోటే బృందం నేర్చుకుంటుందని చూపించారు. ఆ సమీక్షలో కూర్చున్నప్పుడు ఈ మాట అర్థం నాకు పూర్తిగా తెలిసింది.

ఇక లోపాలు. మూల్యాంకనానికి ప్రమాణాలేమిటో సగం ఇంటర్న్‌షిప్ గడిచాక గాని ఎవరూ కాగితం మీద చూపించలేదు, అదీ నేను అడిగాకే. చివర్లో ఇచ్చే ప్రదర్శనకు దక్కిన ప్రాధాన్యం నాకు అన్యాయంగా తోచింది: తెరమీద కదిలే ఫీచర్ చేసినవారికి చప్పట్లు, ప్రశ్నలు దక్కాయి, పాత పరీక్షలను బాగుచేసి, తరచూ కారణం లేకుండా విఫలమయ్యేవాటిని తొలగించి, బృందమంతటి సమయాన్ని కాపాడిన నా తోటి ఇంటర్న్‌కు రెండు నిమిషాల్లో ధన్యవాదాలు చెప్పి పంపారు. అలాంటి పనికి విలువ ఇవ్వని చోట విద్యార్థులు దాన్ని చేయడం మానేస్తారు, అది కంపెనీకే నష్టం. రాత్రివేళ వచ్చే సందేశాలకు వెంటనే బదులివ్వనక్కరలేదని అధికారికంగా చెబుతారు. అయినా పై స్థాయివారు ఆ వేళలోనే రాస్తూ ఉంటే, కొత్తగా చేరినవారు ఆ మాటను ఎలా నమ్మగలరు? పూర్తికాల ఉద్యోగం ఇచ్చే నిర్ణయం కూడా బృందం మెప్పు మీద మాత్రమే ఆధారపడదు, ఆ ఏడాది ఎన్ని ఖాళీలకు ఆమోదం దొరికిందన్నదీ దాన్ని తేలుస్తుంది. ఈ నిజాన్ని చివరి వారంలో కాకుండా మొదటి వారంలోనే చెప్పడం విద్యార్థి పట్ల చూపవలసిన కనీస గౌరవం.

పెద్ద వ్యవస్థలు ఎలా నడుస్తాయో, ఒక చిన్న మార్పు లక్షల మందిని చేరేముందు ఎన్ని చేతులు దాటుతుందో దగ్గరనుంచి చూడాలనుకునేవారికి ఇలాంటి చోటు ఎంతో తగినది. మొదటి వారంలోనే కనిపించేంత పెద్ద పని చేయాలన్న తొందర ఉన్నవారికి ఇక్కడి వేగం విసుగు తెప్పించవచ్చు. ఎవరైనా సరే, ఇంటర్వ్యూ చివర్లో ‘మీకేమైనా ప్రశ్నలున్నాయా’ అని అడిగినప్పుడు మొహమాటపడకుండా రెండు సంగతులు తెలుసుకోవాలి: నాకు మెంటర్‌గా ఉండేవారి పనిభారం ఆ కాలానికి ఎంత తగ్గిస్తారు, కిందటి ఇంటర్న్ చేసిన పని ఇప్పుడు ఎక్కడుంది? మొదటిదానికి స్పష్టమైన లెక్క, రెండోదానికి వాడుకలో ఉన్న ఒక వస్తువు పేరు చెప్పగలిగితే ఆ బృందంలో నిశ్చింతగా చేరవచ్చు. నేను పనిచేసిన బృందానికైతే మళ్లీ దరఖాస్తు చేస్తాను. అదే కంపెనీలో మరో బృందం పిలిస్తే ఈ రెండు ప్రశ్నలకు జవాబు విన్నాకే ఒప్పుకుంటాను.