హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ రివ్యూ: మూడో నెల ఫోటో ఎవరూ చూపించరు

మాది విజయనగరంలో గంటస్తంభం దగ్గర బట్టల కొట్టు. చీరల వైపు నేనే కూర్చుంటాను. పరుపు మీద వంగి చీర పరిచిన ప్రతిసారీ ఎదుట కూర్చున్న ఆడవాళ్ళకి ముందు నా నడినెత్తి, ఆ తర్వాతే చీర కనబడేవి. ఇరవై తొమ్మిదో ఏట నుదుటి దగ్గర జుట్టు పోవడం మొదలైంది, ముప్పై ఆరుకి రెండు వైపులా లోపలికి పోయింది. రెండేళ్ళు మినాక్సిడిల్ అని, జుట్టు కోసం తలకి రాసుకునే మందు రాశాను. ఉన్నది నిలబడింది గానీ పోయింది రాలేదు. 2024లో సంక్రాంతి గిరాకీ అయిపోయాక, జనవరి నాలుగో వారంలో విశాఖ వెళ్ళి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నాను. క్లినిక్ పేరు రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మూడు చోట్ల అడిగాను. ఒకచోట డాక్టర్ ఎవరని అడిగితే 'మా టీమ్ ఉంది కదండీ' అన్నారు, లేచి వచ్చేశాను. ఈ పని చర్మవ్యాధుల్లోనో ప్లాస్టిక్ సర్జరీలోనో శిక్షణ పొందిన డాక్టర్లే చెయ్యాలని, వీడియోలు చూసి నేర్చుకుంటే చాలదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. నేను ఎంచుకున్నచోట డెర్మటాలజిస్ట్ ఉన్నారు. గీత గియ్యడం, మత్తు ఇవ్వడం, రంధ్రాలు పెట్టడం ఆవిడే చేశారు. నాటింది మాత్రం ఎక్కువగా టెక్నీషియన్లే. 2,200 గ్రాఫ్ట్‌లు, అంటే నాటే కుదుళ్ళు, ఒక్కోటి 35 రూపాయల లెక్కన 77,000. మందుల కిట్ పేరుతో ఇంకో 6,500 ఆ రోజు ఉదయం చెప్పారు. గుండు గీసేశాక బేరం ఏమాడతాం?

ఆపరేషన్ రోజు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మత్తు ఇంజెక్షన్లు పొడిచిన పది నిమిషాలే నొప్పి. ఆ తర్వాత ఎనిమిది గంటలు బోర్లా కొంతసేపు, వెల్లకిలా కొంతసేపు, మధ్యలో పెరుగన్నం. వెనక తల నుంచి మిల్లీమీటరు కూడా లేని గొట్టంలాంటి సూదితో కుదుళ్ళు ఒక్కొక్కటీ తీసి ముందు నాటుతారు. ఒక్కో కుదురులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయట. ఇంతవరకు క్లినిక్‌ని వేలెత్తి చూపడానికి లేదు. శుభ్రత బాగుంది, డాక్టరమ్మ ఓపికగా మాట్లాడారు.

అసలు కథ ఇంటికొచ్చాకే. మొదటి వారం రాత్రుళ్ళు పడుకోవడం కాదు, కూర్చుని కునకడమే. మూడు దిళ్ళు వేసుకుని, మెడ కింద బస్సు ప్రయాణాల దిండు పెట్టుకుని, నాటినచోట ఏదీ తగలకుండా నిద్రపోవాలి. గంట గంటకీ సెలైన్ స్ప్రే. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మమన్నారు. మూడో రోజు పొద్దున లేచేసరికి నుదురు బూరెలా పొంగి, ఆ వాపు కళ్ళ మీదకి దిగింది. మా అబ్బాయికి ఐదేళ్ళు. నన్ను చూసి అమ్మ వెనకాల దాక్కున్నాడు. క్లినిక్‌కి ఫోన్ చేస్తే 'నార్మల్ సార్' అన్నారు. నిజంగానే నార్మలేనట. లోపల ఎక్కించిన మందు నీరు కిందకి దిగుతుంది, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గింది కూడా. కానీ ఆ ముక్క ముందే చెప్పి ఉంటే ఇంట్లో అంత టెన్షన్ పడేవాళ్ళం కాదు. ఐస్ పెట్టాలనుకుంటే నుదుటి మీదే పెట్టండి, నాటినచోట పెట్టకండి.

నాలుగో రోజు నుంచి తలస్నానం. షవర్ కుదరదు. బేబీ షాంపూ నురుగు అరచేత్తో అద్ది, మగ్గుతో సన్నగా నీళ్ళు వదలాలి. ఆ పని మా ఆవిడ చేసింది. పన్నెండో రోజుకి పక్కులన్నీ రాలిపోయాయి. పక్కుతో పాటు చిన్న వెంట్రుక ఊడి వస్తే గుండె జారుతుంది. కుదురు పోయినట్టు కాదది, పైన వెంట్రుక మాత్రమే. రక్తం వస్తే అప్పుడు ఫోన్ చెయ్యాలి. దురద మాత్రం భరించరానిది. హెల్మెట్ పెట్టకూడదు కనుక బండి తియ్యలేదు. దాసన్నపేట నుంచి కొట్టుకి ఆటోలోనే తిరిగాను.

గుండు చూసి అడిగినవాళ్ళకి అమ్మ తిరుపతి మొక్కు అని చెప్పేసింది. లడ్డూ ఏదని ఎదురింటావిడ అడిగేసరికి అమ్మ దగ్గర జవాబు లేదు.

ఇక అసలు దెబ్బ. పక్కులు పోయాక రెండు వారాలు తల ముచ్చటగా ఉంది. గరుకుగా, నిండుగా, నుదుటి మీద కొత్త గీత. 'వచ్చేసిందిరా' అనుకున్నాను. నాలుగో వారం నుంచి నాటినవి వరసగా రాలడం మొదలైంది. తువ్వాలు మీద, దిండు మీద, కొట్లో తెల్ల పరుపు మీద. సరిగ్గా మాఘమాసం పెళ్ళిళ్ళ గిరాకీలో! నాటినవే కాదు, ముందు నుంచి ఉన్న సొంత జుట్టు కూడా చుట్టుపక్కల పలచబడింది. షాక్ లాస్ అంటారట దాన్ని. ఏప్రిల్‌కి, అంటే మూడో నెలకి, నా తల ఆపరేషన్‌కి ముందుకంటే అధ్వాన్నంగా ఉంది. అప్పుడు తీసుకున్న ఫోటో దాచాను.

క్లినిక్ మీద నా కోపమంతా ఇక్కడే. ఇది నూటికి తొంభై మందికి జరిగేదేనని ఆ డాక్టరమ్మే తర్వాత చెప్పారు. డబ్బు కట్టించుకున్న కౌన్సెలర్ మాత్రం 'ఆరు నెలల్లో ఫుల్ సార్' అన్నాడే గానీ రాలుతుందని ఒక్క మాట అనలేదు. వాట్సాప్‌లో ఫోటో పెడితే రెండు రోజులకి బొటనవేలు బొమ్మ వచ్చేది. తీరా అడిగితే పీఆర్పీ (మన రక్తం నుంచే తీసిన ద్రవాన్ని తలలోకి ఎక్కించడం) నాలుగు సిట్టింగ్‌లు తీసుకోమన్నాడు. ఒకటి తీసుకున్నాను, మిగతావి మానేశాను.

నాకు ధైర్యం చెప్పింది చీపురుపల్లి దగ్గర వ్యవసాయం చేసుకునే మా మావయ్య. తల చూసి నవ్వి, 'ఉభాలయ్యాక (వరి నాట్లయ్యాక) నారు పసుపెక్కి తల వాల్చేస్తాది. చచ్చిపోనాదనుకుంతామేటి? వేరు పట్టాల గదా' అన్నాడు. డాక్టరమ్మ చెప్పిందీ అదే, కాకపోతే ఇంగ్లీషులో. చోటు మారిన కుదురు ఉన్న వెంట్రుకని వదిలేసి కొన్ని నెలలు విశ్రాంతికి పోతుంది, ఆ తర్వాత కొత్తది మొలకెత్తుతుంది. తేడా ఒకటుంది. ఆకుమడిలో నారు మళ్ళీ పోసుకోవచ్చు, వెనక తలలో తీసిన కుదురు అక్కడ మళ్ళీ రాదు. ఉన్నదాన్నే పొదుపుగా వాడుకోవాలి. ముప్పై దాటకుండానే నుదుటి గీత బాగా కిందకి దించమనే కుర్రాళ్ళు ఈ సంగతి అడగాలి.

మూడో నెల చివర నెత్తి మీద మొటిమల్లాంటివి లేచాయి. కొత్త వెంట్రుక చర్మం కింద చిక్కుకుంటే అలా వస్తుందట. గిల్లకూడదు. వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెడితే చాలావరకు పోయాయి, రెండింటికి ఆయింట్‌మెంట్ రాయాల్సొచ్చింది. నడినెత్తి అప్పటిదాకా మొద్దుబారే ఉంది, దువ్వెన తగిలినా తెలిసేది కాదు.

నాలుగో నెల దాటాక మొలకలు. పసిపిల్లల జుట్టులా సన్నగా, వంకరగా. ఆరో నెలకి సగం వచ్చినట్టు. అక్టోబర్‌లో పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజున కొట్టు మెట్ల మీద నిలబడి చూస్తుంటే, ఏడాది తర్వాత కలిసిన చిన్నప్పటి స్నేహితుడు 'ఏట్రా, లావయ్యావా, ఏదో మారింది' అన్నాడు. జుట్టు అని వాడికి తట్టలేదు. నాకు అదే కావలసింది.

ఇది రాసేనాటికి పదమూడు నెలలు. ముందు భాగం బాగా వచ్చింది, నుదుటి గీత సహజంగా ఉంది. నడినెత్తి ఇంకా పలచనే, అక్కడ ఏడాదిన్నర దాకా పడుతుందన్నారు. వెనక తల మరీ పొట్టిగా కొట్టిస్తే తెల్ల చుక్కలు కనబడతాయి, అందుకని సెలూన్లో మెషిన్ పెట్టనివ్వను. ఉన్న సొంత జుట్టు నిలవడానికి ఫినాస్టరైడ్ అనే మందు డాక్టరమ్మ రాసిచ్చారు. దాంపత్య జీవితం మీద కొందరికి దాని ప్రభావం ఉంటుందని మొహమాటం లేకుండా చెప్పారు. ఆ మాట ఆపరేషన్‌కి ముందే చెప్పినందుకు ఆవిడకి ఒక మార్కు ఎక్కువ.

ఆపరేషన్‌కి ఐదుకి నాలుగు. ఆ తర్వాత చూసుకున్నదానికి ఒకటిన్నర. సంక్రాంతికి వచ్చిన మా బావమరిది నా తల అటూ ఇటూ తిప్పి చూసి, క్లినిక్ నంబరు అడిగాడు. పంపించాను. దానితో పాటు ఏప్రిల్ నాటి ఫోటో కూడా పెట్టాను. ఇంకా ఫోన్ చెయ్యలేదట.