85 శాతమా, 60 శాతమా: ఏ అడ్వాన్స్ రేటు మేలు?

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో సీఎన్‌సీ షాపు (కంప్యూటర్ యంత్రాలతో లోహపు భాగాలు కోసే షాపు) నడిపే హిందూపురం తమ్ముడొకడు మొన్న రెండు కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చాడు. ఒకటి బ్యాంకు శాంక్షన్ లెటరు, రెండోది ఒక ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) పంపిన టర్మ్ షీటు, అంటే అప్పు షరతుల కాగితం. బ్యాంకు కాగితంలో 40 చుట్టూ, రెండో దాంట్లో 85 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాడు.

"అన్నా, కస్టమర్ల బాకీల మీద వీళ్లు నలభై ఇస్తారంట, వాళ్లు ఎనభై ఐదు. ఇంకా ఆలోచించేదేముంది?"

ఆ నలభై బ్యాంకు ఇచ్చేది కాదు, మనం పెట్టుకోవాల్సింది. దాన్ని మన బ్యాంకులు మార్జిన్ అని రాస్తాయి. ఎన్‌బీఎఫ్‌సీలు తాము ఇచ్చే వాటానే రాస్తాయి, దాన్ని అడ్వాన్స్ రేటు అంటాయి. 40 శాతం మార్జిన్ అంటే 60 శాతం అడ్వాన్స్. అది చెప్పాక కూడా వాడు తగ్గలేదు. "అయితే అరవై, ఎనభై ఐదు. అయినా అదే పెద్దది కదా?"

ఇక్కడే చాలామంది పడిపోతారు. శాతం ఎంత అని చూస్తారు గానీ దేని మీద శాతమో చూడరు. అప్పు ఒప్పందంలో అడ్వాన్స్ రేటుకు ఒక్క లైను చాలు. ఏ బిల్లును లెక్కలోకి తీసుకోవాలో, దేన్ని తీసేయాలో చెప్పే నిర్వచనాలకు మాత్రం నాలుగైదు పేజీలు పడతాయి. డబ్బు తగ్గేది ఆ పేజీల్లోనే.

టీ పెట్టించి, వాడి ట్యాలీ లెక్కలు ముందేసుకుని కూర్చున్నాం. స్టాకు 40 లక్షలు. అందులో ఇంకా డబ్బు కట్టని సరుకు 15 లక్షలు. కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీలు 70 లక్షలు. ఆ 70లో బిల్లు వేసి 90 రోజులు దాటినవి 14 లక్షలు, 60 రోజులు దాటినవన్నీ కలిపితే 22.8 లక్షలు.

బ్యాంకు లెక్క సులువు. స్టాకులోంచి కట్టని సరుకు తీసేస్తే 25 లక్షలు. దాని మీద మార్జిన్ 25 శాతం పోతే 18.75. బాకీల్లో 90 రోజులు దాటినవి తీసేస్తే 56 లక్షలు, అందులో 60 శాతం 33.6. రెండూ కలిపి డ్రాయింగ్ పవర్ 52.35 లక్షలు. లెటర్‌లో లిమిట్ 60 లక్షలని ఉన్నా ఈ నెల వాడుకోగలిగేది ఇంతే.

ఇప్పుడు ఆ ఎనభై ఐదు సంగతి. మొదట, స్టాకుకు వాళ్లు పైసా ఇవ్వరు. బాకీల్లో బిల్లు తేదీ నుంచి 60 రోజులు దాటినవి చెల్లవు. మిగిలింది 47.2 లక్షలు. తర్వాత పేజీలో 'పన్నులు మినహాయించిన విలువ' అని రాసి ఉంది. 18 శాతం జీఎస్టీ తీసేస్తే 40 లక్షలు. ఆ తర్వాత ఇంకో క్లాజు: ఏ ఒక్క కస్టమరు బాకీ అయినా మొత్తంలో 40 శాతానికి మించి లెక్కలోకి రాదు. వీడికి ఆ 40లో ఒకే పెద్ద ఆటో విడిభాగాల కంపెనీ నుంచి 25 లక్షలు రావాలి. లెక్కకొచ్చేది 16, మిగతా 9 ఎగిరిపోయింది. నికరంగా 31 లక్షలు, దాని మీద 85 శాతం 26.35.

బాకీలు బాకీలే పక్కపక్కన పెట్టి చూసినా అరవై శాతం వాడు 33.6 ఇస్తుంటే, ఎనభై ఐదు వాడు 26.35 ఇస్తున్నాడు. అసలు 70 లక్షల మీద చూస్తే అది 38 శాతం కూడా కాదు.

రోజుల లెక్క కూడా మామూలు విషయం కాదు. వాడి పెద్ద కస్టమరు ఎప్పుడూ 70, 75 రోజులకు కడతాడు. చట్టం ప్రకారం చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపే కట్టాలి, అది వేరే బాధ. గడువు తేదీ నుంచి లెక్కపెడితే ఆ బిల్లులన్నీ చెల్లుతాయి. బిల్లు తేదీ నుంచి లెక్కపెడితే డబ్బు వచ్చే ముందు పది పదిహేను రోజులు అవి లెక్కలో ఉండవు. అలా లెక్క తగ్గి, తీసుకున్న అప్పుకు చాలకపోతే ఆ లోటును మూడు పని దినాల్లో కట్టాలని అదే కాగితంలో ఉంది. ప్రతి నెలా టెన్షనే.

మా ఎదురు ఫ్లాట్ అబ్బాయి మాన్యత టెక్ పార్కులో అమెరికా హోమ్ లోన్ల సర్వీసింగ్ (వాయిదాలు వసూలు చేసి అప్పు పెట్టినవాళ్లకు అందించే) పని చేస్తాడు. అతని దగ్గర అడ్వాన్స్ అంటే వేరు. అప్పు తీసుకున్నవాడు వాయిదా కట్టకపోతే సర్వీసింగ్ కంపెనీ తన జేబులోంచి ముందు కట్టే డబ్బది. తర్వాత తిరిగి రావాల్సిన ఆ డబ్బును చూపించి ఆ కంపెనీయే మళ్లీ అప్పు తెచ్చుకుంటుంది. అక్కడ అడ్వాన్స్ రేటు రకాన్ని బట్టి మారుతుందట. ఇల్లు జప్తు చేయడానికి కోర్టుకెళ్లాల్సిన రాష్ట్రాల్లో తక్కువ, అక్కర్లేని చోట ఎక్కువ. డబ్బు తిరిగి రావడానికి ఎన్ని రోజులు పడితే శాతం అంత తగ్గుతుంది. పీణ్య షాపుకైనా ఇదే లెక్క.

బ్యాంకు మరీ మంచిదేం కాదు. ఇల్లు తాకట్టు అడుగుతోంది, ఎన్‌బీఎఫ్‌సీ అడగలేదు. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్, అంటే స్టాకు, బాకీల లెక్క ఇవ్వాలి. మూడు నెలలు దాటిన స్టేట్‌మెంట్ మీద తీసుకున్న డబ్బును రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఇర్రెగ్యులర్‌గా చూస్తారు, అది 90 రోజులు ఆగకుండా సాగితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. స్టేట్‌మెంట్‌లో తప్పు రాసినా ముప్పే. నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు, కస్టమరు జాబ్‌వర్కుకు (తన సరుకు మీద పని చేసి ఇవ్వడానికి) పంపిన కాస్టింగులను మా స్టాకులో కలిపి రాశాను. ర్యాకులో ఉన్నదంతా మాదే అనుకున్నాను. స్టాక్ ఆడిట్‌కు వచ్చినాయన చలాన్లు అడిగాడు. ఆ నెల డ్రాయింగ్ పవర్ తగ్గింది, జీతాలు పది రోజులు ఆలస్యమయ్యాయి. మా ఫోర్‌మన్ చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మూడో దారి కూడా ఉంది, ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లుల వేదిక. 2017 నుంచి నడుస్తోంది. బిల్లును పెద్ద కంపెనీ ఆన్‌లైన్‌లో ఒప్పుకుంటే బ్యాంకులు పోటీపడి డిస్కౌంట్ చేస్తాయి, అంటే వడ్డీ పట్టుకుని బిల్లు డబ్బు ముందే ఇస్తాయి. ఆ కంపెనీ తర్వాత కట్టకపోయినా చిన్న షాపు మీదకు రారు. వడ్డీ కూడా ఆ కంపెనీ పరపతిని బట్టే ఉంటుంది. 250 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్న కంపెనీలు ఇందులో నమోదు కావాలి. నమోదు కావడం వేరు, మన బిల్లును ఒప్పుకోవడం వేరు. పర్చేజ్ డిపార్ట్‌మెంట్ చుట్టూ తిరగక తప్పదు.

వీడికైతే నేను బ్యాంకే చెప్పాను, పెద్ద కస్టమరు బిల్లులకు ట్రెడ్స్ ప్రయత్నించమన్నాను. అక్కడ డిస్కౌంట్ చేసిన బిల్లును స్టాక్ స్టేట్‌మెంట్ బాకీల్లోంచి తీసేయాలి, ఒకే బిల్లు మీద రెండు అప్పులు కుదరవు. బాకీలన్నీ బ్యాంకు ఛార్జ్‌లో (తాకట్టు హక్కులో) ఉంటాయి కాబట్టి ముందు వాళ్ల ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం కూడా కావాలి. ఇల్లు తాకట్టు పెట్టడం కుదరనివాళ్లకు, స్టాకు పెద్దగా లేకుండా పది పన్నెండు మంది కస్టమర్లకు బిల్లులు వేసి నెలలోపు వసూలు చేసుకునేవాళ్లకు మాత్రం ఆ ఎన్‌బీఎఫ్‌సీ 85 శాతమే మేలు. వాళ్లకు కోతలు పెద్దగా తగలవు.

పోయిన ఆదివారం స్టాకు లెక్కపెట్టడానికి షాపుకెళ్లాను. కింది ర్యాకులో అల్యూమినియం కాస్టింగుల పెట్టెలున్నాయి. ఒక్కోదాని మీద సుద్దముక్కతో 'మనవి కావు' అని రాసి పెట్టాడు.