25 కొమ్ముల నక్షత్రం, మూడు గంటల కూలి

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఇది నాకు నాలుగో చలికాలం. మొదటి రెండు క్రిస్మస్‌లకు కిటికీకి ఏమీ కట్టలేదు. మూడో ఏడు ఆన్‌లైన్‌లో చవకగా వస్తోందని ఒక ప్లాస్టిక్ నక్షత్రం తెప్పించాను. వానకు తట్టుకుంటుందని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాశారు. రెండు రాత్రులు వెలిగింది. మూడో రాత్రి సన్నటి జల్లు పడేసరికి లోపల చిటపటమంది, ఆపైన కాలిన వాసన. డబ్బు వెనక్కి ఇమ్మంటే, వచ్చిన పెట్టెలోనే పెట్టి పంపమన్నారు. ఆ పెట్టెను నేను అప్పటికే కాగితాల తొట్టిలో వేసేశాను. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ అనవసరం. తప్పులో సగం చవక బేరానికి పోయిన నాదే.

ఈసారి ఆ బాధ పడదలచుకోలేదు. హెర్న్‌హూట్ నక్షత్రం కొన్నాను. అదీ కాగితంది, 60 సెంటీమీటర్లది, ఎర్రది, విడిభాగాలుగా వచ్చేది. ఇక్కడ సాక్సనీలో డిసెంబరు వస్తే ఏ వీధిలో చూసినా ఇవే వేలాడుతుంటాయి. మనవాళ్లు చాలామంది "ఆ ముళ్ల నక్షత్రం" అంటారు కానీ, ఎక్కడ కొనాలో, ఏది కొనాలో అడిగితే సరిగా చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

క్రిస్మస్ మార్కెట్లలోనూ దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. నేను మాత్రం నవంబరులో ఒక శనివారం, ఈ నక్షత్రానికి పేరిచ్చిన హెర్న్‌హూట్ అనే ఊరికే వెళ్లాను. చెక్, పోలండ్ సరిహద్దులకు దగ్గరగా ఉన్న చిన్న ఊరు. లోబావ్ దాకా రైలు, అక్కడినుంచి బస్సు. మతం కోసం మొరావియా (ఇప్పటి చెక్ దేశంలోని ఒక ప్రాంతం) నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలకు జిన్‌జెన్‌డార్ఫ్ అనే జమీందారు తన భూమిలో చోటిస్తే 1722లో వెలిసిన ఊరిది. పదేళ్లకే, 1732లో, ఇక్కడివాళ్లు మిషనరీలుగా సముద్రాలు దాటడం మొదలుపెట్టారు. 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఊరి పక్క గుట్ట మీద సమాధుల తోట ఉంది. నేలకు పరిచిన ఒకే తీరు రాళ్లు, పెద్దా చిన్నా తేడా లేదు. చలికి అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

నక్షత్రాలు చేసే చోట సందర్శకులు చూడడానికి ఒక కార్ఖానా గది ఉంది. బల్లల ముందు కూర్చున్న ఆడవాళ్లు కాగితపు కొమ్ములను చేత్తో మడిచి అతికిస్తున్నారు. మా ఊళ్లో విస్తళ్లు కుట్టే అవ్వల వేళ్లు గుర్తొచ్చాయి: చూపు ఒకచోట, చేతులు ఒకచోట.

అక్కడే దాని పుట్టుక కథ చదివాను. మిషనరీలు గ్రీన్‌లాండ్ అనీ సురినామ్ అనీ వెళ్లిపోయేవారు. పిల్లలకు చదువు వయసు రాగానే ఓడ ఎక్కించి ఇక్కడి హాస్టళ్లకు పంపేవారు. ఆ పిల్లలు అమ్మానాన్నల ముఖం మళ్లీ ఎన్నేళ్లకు చూసేవారో. అలాంటి ఒక బడిలో, నీస్కీ అనే ఊళ్లో, 19వ శతాబ్దం మొదటి భాగంలో జ్యామితి పాఠం కింద పిల్లలతో కాగితపు నక్షత్రం చేయించారు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు (అడ్వెంట్) మొదటి ఆదివారం దాన్ని గదిలో వేలాడదీసేవారు. ఆ శతాబ్దం చివర్లో ఒక పుస్తకాల దుకాణం ఆయన వీటిని అమ్మకానికి చేయడం మొదలుపెట్టాడు. గోడ మీద అయిదారు వాక్యాల్లో ఉన్న ఈ సంగతి చదివి, పక్కన నిలబడ్డ జర్మన్ దంపతులకు కనిపించకుండా ముక్కు తుడుచుకున్నాను. జలుబు కూడా ఉందనుకోండి.

ఇక సరుకు సంగతి. పెట్టెలో 25 కొమ్ములుంటాయి. 17 కొమ్ముల అడుగు చతురస్రం, 8 కొమ్ముల అడుగు త్రిభుజం. వాటిని కలిపే రెండు కాళ్ల పిన్నులు ఒక పొట్లంలో. ఒక సూచనల కాగితం. నేను తీసుకున్నదానికి తీగ, బల్బు విడిగా కొనాల్సి వచ్చింది. బిల్లు దగ్గర ఒక్క క్షణం గుటక పడింది. ఆ డబ్బుకు మా వీధి ఆసియా దుకాణంలో పది కిలోల సోనా మసూరి వస్తుంది, పైన కరివేపాకు కూడా. కానీ కొనేవాళ్లు దీన్ని ఏళ్ల తరబడి వాడతారు. మా కింది అంతస్తు పెద్దావిడ ఇంట్లో ఉన్నది ఆమె పెళ్లినాటిదట. తూర్పు జర్మనీ రోజుల్లో ఇవి ఎక్కువగా ఎగుమతికే పోయేవి, ఇక్కడివాళ్లకు దొరకడమే గగనం అని చెప్పింది. ఎవరో తెలిసినవాళ్ల ద్వారా సంపాదించిన ఒక్క నక్షత్రాన్నే ఇప్పటికీ అతికించుకుంటూ వాడుతోంది. నేను ఉత్సాహం కొద్దీ నవంబరు మధ్యలోనే కిటికీకి కడతానంటే ఆమె కళ్లు పెద్దవి చేసింది. చనిపోయినవారిని తలుచుకునే ఆదివారం ఒకటుంటుంది, అది దాటకుండా ఇక్కడ దీపాలు పెట్టరు. ఆ తర్వాతి ఆదివారమే ఆగమన కాలానికి మొదలు. మంచిపని, అంతవరకూ పెట్టె విప్పకుండా ఆగాను.

ఆ ఆదివారానికి ముందురోజు సాయంత్రం నాలుగింటికి నేల మీద దుప్పటి పరిచి కూర్చున్నాను. బయట అప్పటికే చీకటి పడుతోంది. తెనాలి దగ్గర మా ఊళ్లో రాత్రి ఎనిమిదిన్నర. నాన్నకు వీడియో కాల్ చేసి ఫోను కుర్చీకి ఆనించి పెట్టాను. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మాది లూథరన్ కుటుంబం. నాకు జర్మనీలో ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు ఆయన మొదట అడిగింది జీతం కాదు, "హయ్యరు గారు పుట్టిన ఊరు అక్కడికి ఎంత దూరం?" అని. 1842లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యరు పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. ఇంతవరకూ నేను వెళ్లలేదు. ప్రతి క్రిస్మస్‌కూ ఆ మాట గుర్తు చేస్తూనే ఉంటారు.

నేను పనిచేసేది చిప్‌లు తయారయ్యే కర్మాగారంలో. వెంట్రుకలో వెయ్యో వంతు తేడా వచ్చినా కనిపెట్టడమే నా ఉద్యోగం. ఆ గర్వంతో సూచనల కాగితం పక్కన పెట్టేసి మొదలుపెట్టాను. గంటన్నర తర్వాత చూస్తే చేతిలో ఉన్నది నక్షత్రం కాదు, పక్కకు ఒరిగిన పనసకాయ. రెండు అంచులు కలవాల్సిన చోట నాలుగు వేళ్ల సందు.

"ఏమిటమ్మా అది?" అన్నారు నాన్న.

"నక్షత్రం, నాన్నా."

"నడుముకు ఎన్ని పెట్టావు?"

లెక్కపెట్టాను. ఏడు. ఆయన అమ్మ చేత కాగితం, పెన్సిలు తెప్పించుకున్నారు. కాసేపటికి తెర మీద ఒక బొమ్మ చూపించారు. నడుము చుట్టూ వరసగా ఎనిమిది చతురస్రాలు. దాని పైవరసలో ఒక చతురస్రం, ఒక త్రిభుజం, మళ్లీ చతురస్రం, ఇలా ఎనిమిది. కింది వరసా అంతే. అడుగున ఒక చతురస్రం. మొత్తం 25. "పైన కూడా ఒకటి ఉండాలే, 26 కదా రావాలి?" అని ఆయనే అడిగి, ఆయనే జవాబు చెప్పుకున్నారు: "ఆహా, బల్బు దించడానికి వదిలారు." ఇంత సంబరంగా ఆయన గొంతు ఈ మధ్య విన్న గుర్తు లేదు. తర్వాత సూచనల కాగితం తీసి చూస్తే ఆ లెక్క సరిపోయింది. పిన్నులన్నీ ఊడదీసి మొదటినుంచీ మొదలుపెట్టాను.

మీరు చేసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. చివరి మూడు కొమ్ములే అసలు పరీక్ష. అప్పటికి లోపలికి చెయ్యి పోయే దారి పైన వదిలిన ఆ ఒక్క కంతే. మణికట్టు దాకా దూర్చి, కనపడని పిన్ను కాళ్లను వేలితో తడిమి విడదీయాలి. గోళ్లు తీసుకుని కూర్చోండి. గాజులుంటే తీసేయండి. నా ఎడమచేతి గాజు తగిలి ఒక కొమ్ము అంచు కొంచెం చిరిగింది, లోపలినుంచి టేపు వేశాను.

మా ఇంట్లో నక్షత్రం అంటే వెదురు బద్దలు. డిసెంబరు మొదటి వారంలో నాన్న బద్దలు చీల్చి, నీళ్లలో నానబెట్టి, అయిదు మూలల చట్రాలు రెండు కట్టేవారు. రెండింటినీ కొసల దగ్గర పురికొసతో బిగించి, మధ్యలో జానెడు పుల్లలు నిలబెడితే పొట్ట ఉబ్బేది. అమ్మ మైదా జిగురు ఉడికించేది. అందులో చిటికెడు మైలుతుత్తం వేయకపోతే ఎలుకలు వదలవు. ఎర్రకాగితం అంటించే పని నాది. సరుగుడు కర్రకు కట్టి డాబా మీద నిలబెడితే కాలవ గట్టు మీదినుంచి కనపడేది. పాటలకు ఇంటింటికీ తిరిగే కుర్రవాళ్లు అర్ధరాత్రి దారి తప్పితే దాన్ని చూసే మా వీధి పట్టుకునేవారు. నేను ఇంజినీరింగుకు వెళ్లిపోయాక నాన్న కట్టడం మానేశారు. తెనాలి బజారులో కొన్న ప్లాస్టిక్‌ది పెడుతున్నారు. "ఎవరికోసం కట్టను?" అన్నారు ఒకసారి, చాలా మామూలుగా, పేపరు మడుస్తూ.

అందుకే, ముందే అమర్చి వచ్చే చిన్న నక్షత్రాలు కూడా ఉన్నాయని తెలిసినా అవి కొనమని నేను చెప్పను. పిల్లల గదికో, ఆఫీసు బల్లకో అయితే సరే. పండక్కి ఇంటికి వెళ్లలేక, సెలవు దొరక్క, టికెట్టు ధర చూసి ఫోను పక్కన పడేసినవాళ్లకు మాత్రం ఆ మూడు గంటల పనే కావాలి. ఇక్కడ 24న మధ్యాహ్నం రెండింటికల్లా దుకాణాలు మూసేస్తారు. 25, 26 రెండు రోజులూ సెలవే. జర్మన్లందరూ తలుపులు వేసుకుని కుటుంబాలతో కూర్చుంటారు. వీధిలో ట్రాము తప్ప మరో చప్పుడు ఉండదు. ఆ నిశ్శబ్దానికి ముందే చేతికి ఏదో ఒక పని చెప్పుకోవడం మంచిది.

నచ్చనిది కూడా చెప్పాలి. అది నా ఎంపిక లోపమే. ఎరుపు అందంగా ఉంటుంది కానీ గదికి వెలుగు ఇవ్వదు. పాతకాలపు ఫోటో స్టూడియో చీకటి గదిలా ఉంటుంది మా ముందుగది. చదువుకోవాలన్నా, అన్నం తినాలన్నా ఇంకో దీపం వేయాల్సిందే. వెలుగు కావాలంటే తెలుపో పసుపో తీసుకోండి. ఒంటిగది ఇల్లయితే 60 సెంటీమీటర్లది పెద్దదవుతుంది, 40ది చాలు. నాది కిటికీ తెరిచినప్పుడల్లా తలకు తగులుతోంది. కాగితంది బయట కట్టడానికి కాదు, బాల్కనీకి అయితే ప్లాస్టిక్‌దే. ఎల్ఇడి బల్బే వాడండి. అద్దె ఇంట్లో సీలింగుకు రంధ్రం చేయనివ్వరు కాబట్టి నేను కర్టెను కడ్డీకి వేలాడదీశాను, బరువు తక్కువే. పండగ అయ్యాక విప్పేస్తే కొమ్ములు ఒకదానిలో ఒకటి దూరిపోతాయి, ఐస్‌క్రీం కోన్‌ల దొంతరలాగా. చిన్న పెట్టెలో అటక మీదికి వెళ్లిపోతుంది. నా మార్కులు పదికి తొమ్మిది. ఆ ఒక్కటీ ఎరుపుకు పోయింది.

24 రాత్రి నాకు డ్యూటీ పడింది. బయలుదేరే ముందు దీపం వేసి నాన్నకు ఫోను చేశాను. అక్కడ అప్పటికే అర్ధరాత్రి దాటింది, గుడినుంచి వచ్చి అరిసెలు తింటున్నారు. శుభాకాంక్షలు అయ్యాక, "ఆ చతురస్రపు కొమ్ము ఒకటి కొలిచి చెప్పు, పొడవెంత, అడుగెంత" అన్నారు. కోటు వేసుకున్నదాన్ని, మళ్లీ కుర్చీ ఎక్కి స్కేలుతో కొలిచి చెప్పాను. ట్రాము తప్పిపోయింది.

నిన్న ఫోటో పంపారు. మా వరండాలో పాత పేపరు మీద ఎర్రకాగితపు కొమ్ములు రెండు, ఒకటి కొంచెం వంకర. పక్కన మైదా జిగురు గిన్నె. కింద సందేశం: "రెండు అయినవి. 23 ఉన్నవి. ఆ పిన్నులు తెనాలిలో లేవు, వచ్చేటప్పుడు తీసుకురా."